ఇరవై పేజీల్లో ఒకే మాట

ఎనిమిది గంటలకు ఇచ్చిన టీ తొమ్మిదిన్నరకు కూడా గ్లాసులో అలాగే ఉంది.

పైడమ్మ దాన్ని ముట్టుకోలేదు. కాశీబుగ్గలోని ఆ ఇంటి వరండాలో బల్ల చివర కూర్చుంది. పక్కన కూతురు ప్రమోదిని నిలబడి ఉంది. సోంపేట అవతలి ఊరి నుంచి ఇద్దరూ మొదటి బస్సుకు వచ్చారు.

"సల్లారిపోనాది. తాగవేటి?" అంది సుభద్ర. ఇల్లు ఆమెది. లోపలి గదిలో ఉన్న లెక్చరర్ సుప్రజ ఆమె కోడలు.

"తాగడానికి రానేదమ్మా. మేడమ్ గోరితో మాటాడి ఎలిపోతాను."

"రెండో శనివారం సెలవు గదా. కాలేజీ మాటలు కాలేజీలో మాటాడుకోవాల గానీ ఇళ్ల మీదకి వొత్తారేటి?"

"కాలేజీకి మూడు మాట్లు ఎల్నానమ్మా. మూడు మాట్లూ మేడమ్ గోరు క్లాసులో ఉన్నారన్నారు."

సుభద్ర గ్లాసు మీద మూత పెట్టి లోపలికి వెళ్లింది.

ఆ మాటలన్నీ సుప్రజకు వినిపించాయి. ఆమె మంచం మీద రిజిస్టర్ తెరిచి పెట్టుకుని ఉంది. టెక్కలి దగ్గర వాళ్ల కాలేజీలో ఒక్కో లెక్చరరుకు పాతికమంది విద్యార్థులను అప్పగిస్తారు. వాళ్లకు ఆ లెక్చరరే మెంటర్. ఏ సబ్జెక్టు తీసుకోవాలో, ఏది తీసుకుంటే ముందు ఏ దారి ఉంటుందో చెప్పాలి. నెలకోసారి ఒక్కొక్కరితో మాట్లాడి, మాట్లాడింది రిజిస్టర్లో రాసి, కింద విద్యార్థి సంతకం తీసుకోవాలి.

నెలకోసారి ఎవరూ రాయరు. ఏడాది మొదట్లోనే పిల్లలందరి చేత పన్నెండు గళ్లలోనూ ఒకేసారి సంతకాలు పెట్టిస్తారు. తనిఖీ బృందం వస్తుందని తెలిసినప్పుడు రిజిస్టర్ ఇంటికి తెచ్చుకుని సంతకాల పైనున్న ఖాళీలు నింపుతారు. సోమవారం తనిఖీ ఉంది.

పదిహేడో పేజీ ప్రమోదినిది. సంతకం పైన సుప్రజ చేతిరాత ఉంది. "అన్ని సబ్జెక్టుల గురించీ వివరించాను. విద్యార్థిని తన ఇష్టంతో ఉద్యానశాస్త్రం ఎంచుకుంది."

ఆమె పుస్తకం మూసి బయటకు వచ్చింది.

పైడమ్మ లేచి నిలబడింది.

"మేడమ్ గోరూ, మా పిల్లని కెమిస్ట్రీలోకి మార్సండి."

"కూర్చో పైడమ్మా. మార్చే గడువు ఎప్పుడో దాటిపోయింది."

"గడువు సంగతి మాకు తెల్దు. ఇదిగో, ఇది సూడండి."

పాలిథిన్ కవరులోంచి ఒక కాగితం తీసింది. మడత విప్పి రెండు చేతులతో ఇచ్చింది.

"సోంపేటలో ఇంటర్నెట్ షాపు బాబు తీసిచ్చినాడు. నాకు సదవడం రాదు. పిల్ల సదివి ఏడిసింది."

అది ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ప్రవేశాల కాగితం. మూడో వరస కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి ఉండాలి అని ఉంది అక్కడ.

ప్రమోదిని ప్రధాన సబ్జెక్టు జువాలజీ. దానికి తోడుగా రెండో సబ్జెక్టు ఒకటి ఎంచుకోవాలి. నిరుడు ఆమె ఉద్యానశాస్త్రం తీసుకుంది.

"తమరే గదా అది తీసుకోమన్నారు," అంది పైడమ్మ.

"తేలిగ్గా ఉంటుందని చెప్పాను. మార్కులు వస్తాయని చెప్పాను."

"తేలికది కావాలని మేమడిగినామా?"

"అమ్మా, ఊరుకో," అంది ప్రమోదిని.

"ఏటి ఊరుకునేది? మేడమ్ గోరూ, మా ఊరికి ఆఫీసర్లు వొత్తారు. నూతి నీళ్లు సీసాల్లో పట్టుకెల్తారు. మా ఆయన కిడ్నీలు పాడై మంచాన ఉన్నప్పుడూ పట్టుకెల్లినారు, పోయినాకా పట్టుకెల్లినారు. ఆ నీళ్లలో ఏటున్నాదో మళ్లీ వొచ్చి ఒక్కుడూ సెప్పనేదు. ఈ పిల్ల అన్నాది, అమ్మా, ఆ సీసా నేనే సూత్తాను, నేనే సెప్తాను అని. అందుకని సదివిత్తన్నాను. జీడిపిక్కలు కొట్టి సదివిత్తన్నాను."

మాట్లాడుతూ చేతులు కొంగులో దాచుకుంది. జీడి సొన తగిలి ఆమె వేళ్ల చివర్లు నల్లబడి ఉన్నాయి.

సుప్రజ కాగితం చూస్తూ నిలబడింది. నిరుడు ల్యాబ్‌లో ప్రమోదిని అడిగిన మాట ఆమెకు గుర్తుంది. "నీళ్ల పరీక్ష సేసే సదువుకి ఇది పనికొస్తాదా మేడమ్?" అని అడిగింది. పనికొస్తుందని తను చెప్పింది. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గుమ్మం దగ్గర తర్వాతి అమ్మాయి నిలబడి ఉంది.

"ప్రమోదినీ, నువ్వేమంటావు?"

"హార్టికల్చర్ సార్ బాగా సెప్తారు మేడమ్. అంటు కట్టడం కూడా వొచ్చీసింది నాకు."

"మరి?"

"నాకు కెమిస్ట్రీ కావాల."

సుప్రజ ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లింది.

ప్రిన్సిపల్ ధనుంజయ రెండోసారికి ఫోన్ ఎత్తాడు. విషయం విన్నాడు.

"ఇప్పుడా సుప్రజగారూ? సాయంత్రం నాలుగింటికి సబ్జెక్టుల జాబితా యూనివర్సిటీకి పంపేస్తున్నాం."

"అందుకే చేశాను సార్. దారేమైనా ఉందా?"

"ఉంది. మెంటర్‌గా మీరిచ్చిన సలహా తప్పని మీ చేత్తో రాయాలి. ఇప్పుడున్న సబ్జెక్టు చెప్పే ఆయన అభ్యంతరం లేదని అదే కాగితం మీద సంతకం పెట్టాలి. అసలు కాగితం నాలుగు లోపు నా బల్ల మీద ఉండాలి. ఫోటోలు పనికిరావు."

"సరే సార్."

"సరే అనేస్తారేంటమ్మా? ఆ సబ్జెక్టు చెప్పేది మీ ఆయన. ఇరవై మంది ఉంటేనే దాన్ని నడుపుతాం. ఇప్పుడున్నది సరిగ్గా ఇరవై. ఈ పిల్ల వెళ్తే పందొమ్మిది."

సుప్రజ మంచం మీది రిజిస్టర్ వైపు చూసింది.

"రిజిస్టర్లో ఏముంది?"

"తన ఇష్టంతో తీసుకుందని ఉంది."

"సంతకం?"

"ఉంది."

"మరింకేం? అది చూపించి పంపించేయండి. పోనీ, మీ ఇష్టం. సెలవైనా నాలుగు దాకా కాలేజీలోనే ఉంటాను."

ఆమె మళ్లీ వరండాలోకి వచ్చేసరికి గేటు దగ్గర బైకు ఆగింది.

గౌరీశంకర్ దిగాడు. తెల్లారుతూనే నిమ్మాడ వెళ్లాడు. తనిఖీ బృందం ముందు పిల్లల చేత అంటు కట్టించి చూపాలని అక్కడి తోటలో జీడిమామిడి పుల్లలు కోసుకొచ్చాడు. వాటిని తడి గోనెలో చుట్టి బైకు వెనక కట్టాడు.

"ఏటి ప్రమోదినీ, ఇక్కడున్నావు? సోమవారం అంటు నువ్వే కట్టి చూపించాలి. గుర్తుందా?"

ప్రమోదిని తల వంచుకుంది.

అతను ఒక్కొక్కరినే చూశాడు. "ఏమైంది?"

సుప్రజ జవాబు చెప్పేలోపు పైడమ్మే చెప్పింది. మొదటి నుంచీ చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. గౌరీశంకర్ గోనె మూట చేతిలో పట్టుకునే విన్నాడు. నీళ్లు కారి అతని చెప్పుల దగ్గర మడుగు కట్టాయి.

ఆరేళ్లుగా అతను గెస్ట్ లెక్చరర్. ఏప్రిల్లో తీసేస్తారు, జులైలో మళ్లీ పిలుస్తారు. ఏటా జూన్ నెల పొడుగునా ఇంట్లో ఫోన్ మోగితే అతనే ముందు లేస్తాడు. నిరుడు మొదటిసారి అతని క్లాసు నిండింది. ఆ సాయంత్రం మిఠాయి పొట్లం తెచ్చి, "ఇరవై మంది సుప్రజా! ఎవరూ చెప్పకుండా వాళ్లంతట వాళ్లే వచ్చారు," అన్నాడు.

ఇప్పుడు మూట కింద పెట్టాడు.

"దానికేముందమ్మా. పిల్లకి అవసరమైతే సంతకం పెడతాను. ఇరవైలో ఒకరు..."

ఆగిపోయాడు.

"పందొమ్మిదైతే ఏటౌతాది?" అని సుభద్ర గుమ్మంలోంచి అడిగింది.

"క్లాసు ఉండదు."

సుభద్ర పైడమ్మ వైపు తిరిగింది. "నీ పిల్ల సదువు కోసం నా కొడుకు నోటికాడ కూడు తియ్యాలా?"

"నేను తియ్యమన్నానా అమ్మా? మేడమ్ గోరు తప్పు సెప్పినారు. మేడమ్ గోర్నే సరిసెయ్యమన్నాను."

"తప్పు చెప్పిందని ఎవరన్నారు?" అన్నాడు గౌరీశంకర్. "ప్రమోదిని తనే ఎంచుకుంది. సరదా పడి వచ్చింది. మొదటి రోజు నుంచీ చూస్తున్నాను గదా. రిజిస్టర్లో కూడా అదే ఉంటుంది. తే సుప్రజా."

సుప్రజ కదల్లేదు.

"తెమ్మంటే?"

ఆమె కదలకపోయేసరికి అతనే లోపలికి వెళ్లాడు. అప్పుడు ఆమె వెనకే వెళ్లింది.

మంచం మీద రిజిస్టర్ తెరిచి పదిహేడో పేజీ తీశాడు. పైకి చదివాడు. "విద్యార్థిని తన ఇష్టంతో ఉద్యానశాస్త్రం ఎంచుకుంది. ఇదిగో సంతకం. ఇంకేం కావాలి?"

ఫ్యాను గాలికి పేజీ తిరిగింది. పద్దెనిమిదో పేజీ వచ్చింది. అతని చూపు దాని మీద పడింది.

వేలితో తర్వాతి పేజీ తిప్పాడు. తర్వాత ఇంకొకటి. వెనక్కి వెళ్లి మొదటి పేజీ నుంచి చూశాడు. పాతిక పేజీల్లో ఇరవై పేజీల మీద అదే రెండు వాక్యాలున్నాయి. ఒక్క అక్షరం కూడా మారలేదు. సిరా ఒకటే.

"ఇరవై మందీ ఒకే మాట అన్నారా?"

ఆమె కిటికీ వైపు చూస్తోంది.

"నువ్వు చెప్పావా?"

"సలహా ఇచ్చాను. అదే గదా నా పని."

"నా గురించి ఏమని చెప్పావు?"

"మీ గురించి ఏమీ చెప్పలేదు. సబ్జెక్టు తేలికన్నాను. మార్కులొస్తాయన్నాను. కెమిస్ట్రీ అయితే పరీక్ష తప్పుతారన్నాను."

"నా సబ్జెక్టు తేలికని చెప్పావా?"

ఆమె ఇటు తిరిగింది. "మీకు తగిలింది ఆ మాటా?"

"ఏది తగలాలో కూడా నువ్వే చెప్తావా?"

ఇద్దరూ గొంతు తగ్గించే మాట్లాడుతున్నారు. వరండాలోంచి సుభద్ర మాట వినిపించింది. "కూకో. కూడు పెడతాను. తిన్నంత మాత్రాన సంతకం పడిపోదులే." పైడమ్మ ఏదో అంది. పళ్లెం చప్పుడైంది.

"మీ క్లాసు నిండకముందు ఏడాది మే నెలలో మీరు మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు," అంది సుప్రజ. "అత్తయ్య పిలిస్తే పలకలేదు. నేను అన్నం పెడితే తిని లేచిపోయేవారు. ఇరవై రాకపోతే ఈసారి గౌరీశంకర్‌ని పిలవం అని ప్రిన్సిపల్ గారు నాతో మెట్ల మీద అన్నారు. మీతో అనలేదు. నాతో అన్నారు."

"అయితే నాతో చెప్పాలి."

"చెబితే ఏం చేసేవారు?"

"ఏదో ఒకటి చేసేవాణ్ని."

"ఆ ఏదో ఒకటి ఆరేళ్లుగా చూస్తున్నాను."

అతను రిజిస్టర్ మూశాడు. అట్ట మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"ఆ రోజు మిఠాయి తెచ్చాను."

"తెచ్చారు."

"తిన్నావు."

"తిన్నాను."

రైలు ఒకటి పలాస స్టేషన్లోకి వచ్చి ఆగి, మళ్లీ బయలుదేరి వెళ్లింది.

సుప్రజ తెల్లకాగితం తీసుకుంది. మంచం పక్కన బల్ల దగ్గర కూర్చుని రాసింది. ప్రమోదినికి రెండో సబ్జెక్టు విషయంలో నేను ఇచ్చిన సలహా తప్పు, ఆమెను కెమిస్ట్రీలోకి మార్చవలసిందిగా కోరుతున్నాను. నాలుగు వరసలు. సంతకం పెట్టి తేదీ వేసింది. మిగతా పేజీల మాట అందులో లేదు.

కాగితాన్ని అతని ముందు పెట్టింది.

"మీరు పెట్టకపోతే నేనేమీ అనను," అంది.

"అనవని తెలుసు."

కాగితం, పెన్ను తీసుకుని అతను పెరట్లోకి వెళ్లాడు.

వంటింటి కిటికీలోంచి ఆమెకు అతని వీపు కనిపిస్తోంది. నూతి గట్టు మీద కూర్చున్నాడు. మూట విప్పి పుల్లలన్నీ ఒక పొడవుకు కోసి పక్కన పెడుతున్నాడు. కాగితం మోకాలి కింద ఉంది. గంట గడిచింది. పుల్లలు కొయ్యడం అయిపోయింది. మళ్లీ అవే పుల్లలు ఒక్కొక్కటి తీసి చూసి మళ్లీ కట్ట కట్టాడు.

వరండాలో పైడమ్మ అన్నం తిని పళ్లెం తనే కడిగి బోర్లించింది. సుభద్ర వద్దనలేదు.

"నీకు ఈ పిల్ల ఒక్కర్తేనా?" అని అడిగింది సుభద్ర.

"ఒక్కర్తే అమ్మా."

"నాకూ ఆడొక్కడే."

ఇద్దరూ వీధి వైపు చూస్తూ కూర్చున్నారు.

రెండు కావస్తుండగా గౌరీశంకర్ లోపలికి వచ్చాడు. కాగితాన్ని మడిచి వంటింటి గట్టు మీద పెట్టాడు. దాని మీద పెన్ను పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు.

"అన్నం?" అంది సుప్రజ.

"వద్దు."

పుల్లల కట్ట తీసుకుని బైకు ఎక్కాడు. ప్రమోదిని పక్కనుంచి వెళ్తూ, "కెమిస్ట్రీ సారు హోంవర్క్ ఎక్కువిస్తాడు. జాగ్రత్త," అన్నాడు. ఆమె "సార్" అంది.

బైకు మలుపు తిరిగింది. అతని ఫోను గదిలో చార్జింగ్‌లో ఉంది.

సుప్రజ మడత విప్పింది. సంతకం ఉంది. సంతకం పైన అతని గుండ్రటి అక్షరాల్లో మూడు వరసలున్నాయి.

"ఈ విద్యార్థిని వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు. ఈమె నా క్లాసుకు తనంతట తాను రాలేదు. మిగతా పందొమ్మిది మంది ఎలా వచ్చారో తనిఖీ బృందం రాకముందే మెంటర్ గారిని అడగవలసిందిగా కోరుతున్నాను."

ఆమె రెండుసార్లు చదివింది. మెంటర్ గారు అనే మాట దగ్గర రెండుసార్లూ ఆగింది.

ఆ వరస కత్తిరిస్తే సంతకం కూడా పోతుంది. ఇంకో కాగితం రాస్తే దాని మీద పెట్టడానికి అతను లేడు. టెక్కలి వెళ్లే బస్సు రెండున్నరకు. అది తప్పితే నాలుగు లోపు అందదు.

"మేడమ్."

ప్రమోదిని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ఇంట్లో అంత లోపలికి రావడం ఆమెకు అదే మొదలు.

"సార్ సంతకం ఎట్టారా?"

"పెట్టారు."

"అయితే ఇచ్చీండి మేడమ్. అమ్మా నేనూ పట్టుకెల్తాం. ఎండలో మీరెందుకు?"

చెయ్యి చాపింది. సుప్రజ కాగితం ఇవ్వలేదు, వెనక్కీ తీసుకోలేదు. ప్రమోదినే మెల్లగా తీసుకుంది. నిలబడే చదివింది. చివరి వరస దగ్గరకొచ్చాక మళ్లీ పైనుంచి చదివింది.

"మేడమ్, ఇది ప్రిన్సిపల్ సార్ సూత్తే మిమ్మల్ని ఏటైనా అంటారా?"

"అంటారు."

"ఇవ్వకపోతే?"

"నువ్వు హార్టికల్చర్‌లోనే ఉంటావు."

"పందొమ్మిది మందిలో భార్గవి ఉన్నాది మేడమ్. పక్క ఊరే. దానికి కూడా కెమిస్ట్రీ కావాలనుండేది."

సుప్రజ స్టవ్ మీద ఖాళీ గిన్నెను పక్కకు జరిపింది.

గేటు దగ్గర పైడమ్మ ఆటో ఆపింది. "రాయే పిల్లా! బస్సు ఎలిపోతాది!"

ప్రమోదిని కదల్లేదు. కాగితం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నిరుడు ల్యాబ్‌లో కూడా అలాగే నిలబడింది.

"నన్నేటి సెయ్యమంటారు మేడమ్?" అని అడిగింది.